లాగిన్ వెనుక ఉన్న కంట్రోలర్‌ను పరీక్షించడం ఎలా?

మన జంగారెడ్డిగూడెం పొగాకు వేలం కేంద్రాన్ని ఎరగనివారుండరు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు దగ్గర పేరు నమోదైన రైతు బేళ్లు తెస్తాడు, నమోదైన వ్యాపారి పాట పాడతాడు. ఇటువంటి వ్యవహారానికి మనమే ఒక వెబ్ అప్లికేషన్ రాస్తున్నామనుకుందాం. "నా బేళ్ల లెక్క చూపించు" అని రైతు కోరితే, ఆ కోరికను అందుకొని జవాబు పంపే ప్రోగ్రాము భాగమే కంట్రోలర్.

దీన్ని పరీక్షించబోతే మొదట్లోనే ఒక చిక్కు. లాగిన్ అయితే గాని అది పలకదు. అలాగని ప్రతి పరీక్షలోనూ లాగిన్ పేజీ తెరిచి పాస్‌వర్డ్ కొట్టించాలా? అక్కర్లేదు. దొంగలు లక్షలకొద్దీ ఊహలు వేసి చూడకుండా, పాస్‌వర్డ్ సరిచూసే లెక్కను కావాలనే నెమ్మదిగా నడిచేటట్టు కడతారు. వందల పరీక్షల్లో దాన్నే తిరగదోడితే కాలం వృథా. పైగా లాగిన్ పేజీలో చిన్న మార్పు చేస్తే చాలు, సంబంధం లేని పరీక్షలన్నీ ఫెయిలై కూర్చుంటాయి.

అందుచేత "వచ్చినవాడు ఫలానా రైతు" అని నేరుగా చెప్పే సదుపాయాలు ఏర్పడ్డాయి. జాంగోలో ఫోర్స్ లాగిన్, లారావెల్‌లో యాక్టింగ్ యాజ్, స్ప్రింగ్ సెక్యూరిటీలో విత్ మాక్ యూజర్ అటువంటివే. ఇవి పాస్‌వర్డ్ అడగవు గాని, అనుమతులు చూసే కాపలాను అలాగే ఉంచుతాయి. అసలు పాస్‌వర్డ్‌తో లాగిన్ పేజీని పరీక్షించడానికి విడిగా నాలుగైదు పరీక్షలు చాలు.

ఇక ప్రతి కంట్రోలర్‌కూ ఈ నాలుగు ప్రశ్నలు వెయ్యాలి:

1. లాగిన్ కానివాడు వస్తే? లాగిన్ పేజీకి మళ్లించాలి (302), లేదా 401 అనాలి.

2. రైతు వ్యాపారుల పేజీ కోరితే? 403 అని ఆపాలి.

3. రైతు తన లెక్కే అడిగితే? 200తో సరైన లెక్క చూపాలి.

4. చిరునామాలో నంబరు మార్చి పక్క రైతు లెక్క అడిగితే? 403 గాని 404 గాని రావాలి.

నాలుగో ప్రశ్నను మనవాళ్లు తరచు మరచిపోతుంటారు. లాగిన్ సక్రమంగానే ఉంటుంది, అయినా ఒకరి లెక్కలు మరొకరి కంటబడతాయి. ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన వెబ్ భద్రతాలోపాల జాబితాలో ఇటువంటి అనుమతి లోపాలదే మొదటి స్థానం.

మరొక హెచ్చరిక. "పరీక్ష అయితే లాగిన్ అడగవద్దు" అనే షరతును అసలు ప్రోగ్రాములో ఎన్నడూ రాయవద్దు. పొరపాటున ఆ షరతు బయట నడిచే కంప్యూటరులో పనిచేసిందా, తలుపులు బార్లా తెరిచినట్టే! అటువంటి వెసులుబాట్లు పరీక్షల ఫైళ్లలోనే ఉండాలి.

ప్రాజెక్టు పనిలో ఉన్న విద్యార్థి మిత్రులు ఈ నాలుగు ప్రశ్నలనూ తమ ప్రోగ్రాములకు ఒకసారి వేసి చూడాలని కోరుతున్నాను.