రెండు పాత ఫోనులు: ఏది గొప్పది?

గడచిన విద్యాసంవత్సరారంభమున మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకరు హోసూరు నుండి నన్ను చూడవచ్చి, చేతిసంచిలో నుండి రెండు పాత స్మార్ట్‌ఫోనులను తీసి నా బల్లపై నుంచిరి. "సార్, అంగడిలో వీటికిప్పుడు వెల రాదు. పారవేయడానికి మనసొప్పలేదు. పిల్లలకేమైనా పనికివస్తాయేమో చూడండి" అని చెప్పి, కాఫీ త్రాగి వెళ్ళిపోయిరి. వానిలో నొకటి నోకియా లూమియా 1020. రెండవది ఆపిల్ ఐఫోన్ 5ఎస్. రెండును 2013వ సంవత్సరపువే. మొదటిదానిని ఆ యేడు జూలై 11వ తేదీనను, రెండవదానిని సెప్టెంబరు 10వ తేదీనను ప్రకటించిరి.

ఆ సాయంకాలమే పదవ తరగతి బాలురు నా గది ముంగిట రెండు పక్షములై వాదించుకొనుచుండిరి. లూమియా కెమేరా 41 మెగాపిక్సెలులది, ఐఫోను కెమేరా 8 మెగాపిక్సెలులది. కావున లూమియా అయిదు రెట్లు గొప్పదని యొక పక్షము. ఐఫోను ఐఫోనే యని రెండవ పక్షము. తీర్పు చెప్పుమని నన్నడిగిరి. "ఏ పనికి?" అని నేనడుగగా, అది తప్పించుకొను మాటగా వారికి తోచినది. కాని ఆ ప్రశ్నకు సమాధానము వారికంటె నాకే యెక్కువ కావలసి యుండెను.

కారణ మేమనగా, మన కార్యాలయపు బీరువాలో పాఠశాల ప్రవేశ పట్టికలు పదునాలుగు కలవు. పుట్టిన తేదీకొఱకో, తాతగారి పేరుకొఱకో, మాతృభాష గడిలో తెలుగు అని వ్రాసియున్నట్లు రుజువుకొఱకో యేటేట కొందరు వచ్చి వానిని చూపుమని యడుగుచుందురు. పాత పట్టికలలో సిరా వెలిసిపోయినది. కాగితము మడత పెట్టినచోట విరుగుచున్నది. క్రిందటి వానకాలమున కప్పు కారి యొక పట్టిక యడుగు వరుసలు అలికినట్లయినవి. ఆ వరుసలలోని పిల్లల పేర్లు ఇక నెక్కడను లేవు. అన్ని పుటలకును ఛాయాచిత్రములు తీయవలెనని ఆనాడే నిశ్చయించుకొంటిని గాని సాధనము లేకుండెను.

మెగాపిక్సెలన నేమి? ముగ్గు వేయుటకు ముందు పెట్టు చుక్కలవంటివే యివి. చుక్కలు దట్టముగ నున్నచో ముగ్గులో సన్నని పని తీర్చవచ్చును. పది లక్షల చుక్కలు ఒక మెగాపిక్సెలు. అయితే కెమేరాలోని చుక్క ఊరక గుర్తు మాత్రమే కాదు. తనపై బడిన వెలుగును కొలుచునది. చుక్క చిన్నదైన కొలది దానిపై బడు వెలుగు తగ్గును. వెలుగు తగ్గినచో కొలత తడబడి, చిత్రములో ఇసుక చల్లినట్లు మచ్చలు కనబడును. లూమియాలో చుక్క వెడల్పు 1.12 మైక్రానులు, ఐఫోనులో 1.5 మైక్రానులు. అనగా చుక్కకు చుక్క పోల్చినచో ఐఫోను చుక్కయే పెద్దది! ఈ మాట చెప్పినంతనే రెండవ పక్షమువారు చప్పట్లు కొట్టిరి. తొందరపడవలదంటిని.

లూమియాలో వెలుగును పట్టు ఫలకమే మిక్కిలి పెద్దది. నిలువుటడ్డములు నాల్గింట మూడు పాలుగ నుండు చిత్రము తీయునపుడు అది 38 మెగాపిక్సెలుల మేర వాడుకొనును. ఆ మేరను లెక్క వేసినచో ఐఫోను ఫలకమునకు రెండున్నర రెట్లు మించును. పైగా ఇంచుమించు ఏడు చుక్కల వెలుగును కలిపి యొక చుక్కగ జేసి, 5 మెగాపిక్సెలుల చిన్న చిత్రమును గూడ అది తీసియిచ్చును. ఏడుగురు కొలిచిన కొలతల సగటు ఒక్కడు కొలిచినదానికంటె నమ్మదగినది గదా! చేయి వణికినను చిత్రము చెదరకుండ కటకమును సవరించుకొను ఏర్పాటును, మెఱుపువంటి జినాన్ దీపమును దీనికి గలవు. అప్పటి ఐఫోనునకు కటకమును సవరించు ఏర్పాటు లేదు; దీపములు రెండు రంగుల ఎల్‌ఇడీలు మాత్రమే.

పరీక్షకై ఒకే పుటను, ఒకే కిటికీ వెలుగులో, రెండింటితోను తీయించితిని. ఐఫోను చిత్రములో పుటను చక్కగ చదువవచ్చును. కాని అంచున సన్నని కలముతో వ్రాసిన టిప్పణులను పెద్దవి చేసి చూడగా అక్షరములు ఒకదానిలో నొకటి కలసిపోయినవి. లూమియా పెద్ద చిత్రములో వెలిసిన సిరా వెనుక కాగితముపై కలము గీచిన గాడి కూడ తెలియుచున్నది. తలకట్టునకును గుడికిని భేదము కనబడినది. "రామయ్య"యో "రామియ్య"యో తేల్చవలసిన చోట ఈ భేదమే సర్వస్వము.

అయితే లూమియాతో పెద్ద చిత్రము తీసిన తరువాత అది మరల సిద్ధమగుటకు కొన్ని క్షణములు పట్టును. పట్టికలో పుట త్రిప్పి సరిచేయుటకే అంతకంటె నెక్కువ కాలము పట్టును గనుక మాకది లోపము కాలేదు. ఆటలపోటీలనాడు మాత్రము దానిని పట్టుకొన్న బాలుడు నూరుమీటర్ల పరుగులో గెలిచినవాని వీపును మాత్రమే తీయగలిగెను. ఐఫోను సెకనుకు పది చిత్రముల చొప్పున వరుసగ తీయును. అంతేకాక కదలెడు చిత్రమును సెకనుకు 120 పటముల చొప్పున తీసి, మెల్లగ నడిపి చూపును. మన సైన్సు మాస్టరుగారు ఒకటింబావు మీటరు ఎత్తునుండి బంతిని విడిచి దీనితో తీయించిరి. ఆ బంతి నేలను తాకుటకు ఇంచుమించు అరసెకను పట్టును. అనగా అరువది పటములు. ఒక్కొక్క పటముకడ నాపి, గోడపై గీచిన కొలబద్దను చూచుచు, క్రిందికి వచ్చుకొలది దూరము లెట్లు పెరుగుచున్నవో తొమ్మిదవ తరగతి పిల్లలు తామే పట్టిక వేసిరి. ఇరువది యేండ్లుగ నల్లబల్లపై నేను చెప్పిన పాఠమే యది. ఆనాడు అర్థమైనంతగ మునుపెన్నడు నర్థము కాలేదని వారి ముఖములే చెప్పినవి.

ఇంతవరకు చెప్పినది ఫోను లోపలనున్న బలము. బయటినుండి వచ్చు బలము వేరొకటి కలదు. ఫోనును నడపు వ్యవస్థకు దానిని తయారుచేసినవారు ఎప్పటికప్పుడు మరమ్మతులు పంపుచుండవలెను. లూమియా విండోస్ ఫోన్ 8తో పుట్టి 8.1వరకు వచ్చినది. 2014 ఏప్రిలులో నోకియావారి ఫోనుల వ్యాపారము మైక్రోసాఫ్టువారి వశమైనది. 2017 జూలై 11వ తేదీన, అనగా దీనిని ప్రకటించిన దినమునుండి సరిగ నాలుగేండ్లకు, 8.1కు మరమ్మతులు నిలిచినవి. 2019 డిసెంబరులో దాని అప్లికేషనుల అంగడి మూతపడినది. ఆ నెల కడపటి దినముతో విండోస్ ఫోనులలో వాట్సాపు నిలిచిపోయినది. కన్ను చెక్కుచెదరలేదు, మాటయే పడిపోయినది. మన విద్యార్థి యొకడు ఉత్సాహముతో ఈ ఫోనులోని సమస్తమును చెరిపివేసి క్రొత్తదిగ జేయబోగా వెంటనే వారించితిని. అందున్న అప్లికేషనులను చెరిపినచో మరల తెచ్చుకొనుటకు అంగడి లేదు.

ఐఫోను కథ వేరు. అది ఐఓఎస్ 7తో వచ్చి 12వరకు ఎదిగినది. 2023 జనవరిలో కూడ దానికొక మరమ్మతు వెలువడినది. ఈ దీర్ఘాయువునకు మూలము 2013లో కొనినవారిలో పెక్కురు పట్టించుకొనని యొక గుణము. స్మార్ట్‌ఫోనులలో 64 బిట్ల ప్రాసెసరు మొదట దీనికే అమర్చబడెను. అదేదినమున దీనితోబాటు ప్రకటింపబడిన ఐఫోన్ 5సీకి 32 బిట్ల ప్రాసెసరు. ఐఓఎస్ 11 వచ్చినపుడు 32 బిట్ల ఫోనులను విడిచిపెట్టిరి. కవలలలో నొకటి 10వద్ద నాగిపోగా రెండవది ముందునకు సాగెను. రంగురంగుల 5సీని చూచి ముచ్చటపడినవారికి ఈ సంగతి ఎవరు చెప్పియుందురు?

మరమ్మతు విలువ తెలుగువారికి బాగుగ తెలియవలసిన సందర్భ మొకటి 2018 ఫిబ్రవరిలో కలిగెను. ఒక తెలుగు అక్షరము సందేశములో వచ్చినంతనే ఐఫోనులలో సందేశములు చూపు అప్లికేషను కూలిపోసాగెను. అది ప్రకటనగ తెరపైకి వచ్చినచో మొదటి తెరను నడపు భాగమే కూలుచుండెను. ఆ యక్షరము "జ్ఞా". ఫోనులో తెలుగక్షరము అచ్చుదిమ్మవలె ఒకే ముక్కగ నుండదు. జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము అని గుర్తులు వరుసగ నుండును. వానిని కూర్చి యక్షరముగ జూపుట ఫోను పని. ఆ వరుసలో ఞకారమునకును దీర్ఘమునకును నడుమ, కంటికి కనబడని "కలుపవలదు" అను గుర్తు కూడ చేరినపుడు, ఐఓఎస్ 11.2.5లో ఆ కూర్పు పని దారితప్పెను. మనము మామూలుగ వ్రాయు "జ్ఞానము" ఏ ఫోనును పడగొట్టలేదు. తప్పు కూర్చువానిది గాని అక్షరముది కాదు. ఐనను తెలుగు లిపియే ఏదో నేరము చేసినట్లు ఆ దినములలో పలువురు నవ్వుకొనుట నాకు కష్టముగ దోచినది. ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 అను మరమ్మతు వచ్చి ఆ దోషము తొలగెను. అప్పటికి నాలుగున్నరయేండ్ల వయసుగల 5ఎస్‌కును ఆ మరమ్మతు అందినది. అంతకు ఏడు నెలలకు పూర్వమే మరమ్మతులు నిలిచిన లూమియాలో అట్టి దోషమే బయటపడియుండినచో సరిదిద్దువారు లేరు.

ఐనను ఐఫోను గెలిచినదనరాదు. 2025 మేలో దానిలోను వాట్సాపు నిలిచినది. ఇక మాటల సంగతి. నాలుగవ తరము జాలము మీదుగనే మాటలు పంపు వోల్టే వసతి రెండింటికిని లేదు. మాటలకు ఆ జాలమునే నమ్ముకొన్న జియో సేవ 2016 సెప్టెంబరులో వచ్చినది. ఆ సిమ్ము వేసి నేరుగ పిలువబోయినచో ఈ ఫోనులు పలుకవు. పాత ఫోనును పిల్లల చదువునకై కొనదలచిన తలిదండ్రులు కెమేరా అంకెలకంటె ముందు అంగడివాని నడుగవలసినవి ఇవి: ఇందలి వ్యవస్థ ఎన్నవది? దానికి మరమ్మతులింకను వచ్చుచున్నవా? మన సిమ్ముతో మాట పోవునా? వెనుకతట్టు ఉబ్బియున్నదేమో వ్రేలితో తడవి చూడుడు; ఉబ్బినచో బ్యాటరీ చెడినదని గుర్తు. దానిని ఊరక యిచ్చినను తీసికొనవలదు, ఛార్జి చేయనేవలదు.

తుదకు మేము చేసిన ఏర్పాటు చెప్పెదను. లూమియాను సిమ్ము లేక, కార్యాలయపు బల్లపై, రెండు దొంతరల పుస్తకములమీద పరచిన అద్దపు పలకపై బోర్లించి, క్రింద పట్టిక నుంచుచున్నాము. ఇద్దరు బాలికలు పుటలు త్రిప్పుదురు, ఒకరు తీయుదురు. సాయంకాలమున చిత్రములను తీగతో కంప్యూటరునకు చేర్చుచున్నాము. ఒక్కొక్క చిత్రము ఇంచుమించు పది మెగాబైట్లు. రెండువందల పుటల పట్టిక రెండు గిగాబైట్లలో నిముడును. ఐఫోను సైన్సు మాస్టరుగారి బీరువాలో నున్నది. పదునాలుగు పట్టికలలో తొమ్మిది పూర్తియైనవి. మిగిలిన అయిదింటిలో, వానకు తడిసినదాని పుటలు ఒకదాని కొకటి అంటుకొని యున్నవి. వానిని విడదీయు పని వేసవి సెలవులకు ఉంచితిమి.