చెరలో రాకుమారికి నిద్ర పట్టలేదు

విజయవాడ మార్గమూ, నాగార్జునసాగర్ మార్గమూ వచ్చి కలిసే కూడలి ఎల్బీ నగర్. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు మోస్తున్న యీ పేటకు 2018 సెప్టెంబరులో మెట్రో రైలు వచ్చింది. మియాపూరు నుండి వచ్చే దారికి ఇదే చివరి మజిలీ. సూర్యాపేట, నల్గొండ, ఖమ్మం వైపు నుండి వచ్చే బస్సులు ఇక్కడ ఆగినప్పుడు, దిగేవారిలో విద్యార్థులను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఒక చేతిలో పెట్టె ఉంటుంది; రెండవ చేతిలో చాపచుట్టో, దుప్పటిలో మూటకట్టిన తలగడో ఉంటుంది. ఆ తలగడ ఇంటి దూదితో కుట్టినది. దానిని చంకనబెట్టుకుని కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ సందులలోని వసతిగృహాలకు వారు చేరుకుంటారు. ఇనుప మంచం, పక్క మంచంవాని దీపం, తెల్లవారుజామున మ్రోగే గడియారం, పోటీ పరీక్షల పుస్తకాలు - అక్కడ కొన్ని ఏండ్లపాటు వారి ప్రపంచం ఇదే.

ఆ మంచాలమీద అర్ధరాత్రి దాటిన తరువాత చేతిలోని ఫోనులో చదువబడుతున్న సాహిత్యం ఏమిటి అని తెలుగు పంతుళ్ళు ఎన్నడైనా విచారించారో లేదో తెలియదు. పిల్లలు చదివేవానిలో జపాను దేశపు బొమ్మల కథలు, వారు మాంగా అని పిలిచేవి, తక్కువేమీ లేవు. వానిని కుడినుండి ఎడమకు చదువుకోవలెను. వానిలో ఒకటి యీ మంచాలకూ, తలగడలకూ మరీ దగ్గరి చుట్టం. దాని పేరు 'మాఓజో దె ఒయాసుమి'. రాక్షసరాజు కోటలో శుభరాత్రి అని తెలుగులో చెప్పుకోవచ్చును. కుమనొమాతా కగిజీ అనే రచన-చిత్రకర్త దీనిని 2016లో 'షోనెన్ సండే' వారపత్రికలో మొదలుపెట్టినారు. ఆ పత్రికను ప్రచురించే సంస్థ షోగకుకాన్. ప్రాథమిక పాఠశాల విద్యార్థుల కొరకు పత్రికలు వేయడానికి 1922లో పుట్టిన సంస్థ కనుక దాని పేరులోనే చిన్నబడి ఉన్నది. 2020లో యీ కథ కదిలే బొమ్మలుగా కూడా వచ్చింది.

కథ మొదలు మనకు కొత్తది కాదు. రాక్షసరాజు మానవుల రాకుమారిని ఎత్తుకొనిపోయి కోటలో బంధించినాడు. ఆమెను విడిపించడానికి ఒక వీరుడు బయలుదేరినాడు. ఇంతవరకు మన అవ్వలు చెప్పిన కథే. అయితే రచయిత ఆ వీరుని వెంట పోలేదు, చెరసాలలోనే కూర్చున్నాడు. అక్కడ సయాలిస్ అనే ఆ రాకుమారికి చేయడానికి పని ఏమీ లేదు. ఏడ్చుట ఆమెకు తోచలేదు. నిద్రపోదామనుకున్నది. తలగడ బాగులేదు. అదీ చిక్కు!

కాపలాకు ఎలుగుపిల్లలవంటి బుల్లి దయ్యాలు ఉన్నవి. వానిని దగ్గరకు పిలిచి, ఒళ్ళు దువ్వి, రాలిన బొచ్చుతో ఆమె తలగడ కుట్టుకున్నది. దువ్వించుకున్న సుఖానికి మురిసి అవి చెర తాళపుచెవి కూడా చేతికి ఇచ్చినవి. ఆ తాళంతో ఆమె పారిపోలేదు. దుప్పటికి గుడ్డ వెదుకుతూ కోటలో తిరుగసాగింది. గుడ్డ రూపాన గాలిలో తేలే దయ్యాలు కనబడితే కత్తెరతో కత్తిరించి పక్కమీద పరచుకున్నది. వీరుని కోసం దాచిన మహాయుధాలు ఆమెకు పరుపు సామగ్రిగా తోచినవి. ఈ అన్వేషణలో అనేకమార్లు ప్రాణమే పోగొట్టుకుంటుంది. కోటలోని రాక్షస పురోహితుడు విసుగుతో, దిగులుతో ఆమెను మళ్ళీ మళ్ళీ బ్రతికిస్తుంటాడు. రాక్షసరాజు సభ తీర్చి కూర్చుంటే చర్చకు వచ్చే విషయం యుద్ధం కాదు. నిన్నటి రాత్రి రాకుమారి ఏమి తీసుకొనిపోయినదని. వీరుడు నడుస్తూనే ఉంటాడు. ఆమెకు అతని పేరు సరిగా గుర్తుండదు.

ఈ హాస్యానికి మూలం కంప్యూటరు ఆటలలో ఉన్నది. 1985 నాటి 'సూపర్ మారియో'లోను, 1986 నాటి 'డ్రాగన్ క్వెస్ట్'లోను రాకుమారి చేసే పని బంధింపబడి ఉండటమే. నడిచేవాడు, దూకేవాడు, కోట గెలిచేవాడు ఆడుతున్న పిల్లవాడు. ఆమె చివరి గదిలో పెట్టిన బహుమానం. వీరుడు రావడానికి పట్టిన అంతకాలమూ ఆ గదిలో ఆమె ఏమి చేసినది? ఆ ప్రశ్న ఆటలో ఎవ్వరికీ రాలేదు. రాదు కూడా, గెలుపు గదా కావలసినది. కుమనొమాతావారి కథంతా ఆ ఒక్క ప్రశ్నకు సమాధానమే.

ఇదే ప్రశ్నను తెలుగు కథలకు వేసి చూడవలెను.

చెరలో రాజకాంత అనగానే తెలుగువాని నోట మొదట వచ్చే పేరు బాలనాగమ్మది. బుర్రకథలవారూ, జంగాలూ రాత్రులు తెల్లవార్లు చెప్పిన కథ అది. ఉయ్యాలలో పసిబిడ్డను ఉంచుకున్న ఇల్లాలి గుమ్మానికి మాయల ఫకీరు బిచ్చగాడై వచ్చినాడు, ఆమెను కుక్కను చేసి తన వెంట తీసుకొనిపోయినాడు. 1942లో జెమినీవారు చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వంలో దీనిని చలనచిత్రం చేసినప్పుడు బాలనాగమ్మ కాంచనమాల, ఫకీరు స్థానంలో మాయల మరాఠీగా నిలిచినవారు గోవిందరాజుల సుబ్బారావుగారు. ఆ కథలో చెర ఒక్క రాత్రిది కాదు. ఉయ్యాలలోని బిడ్డ పెరిగి పెద్దవాడై తల్లిని వెదుక్కుంటూ వచ్చేంత కాలం. అన్నేండ్లు ఆమె తనను కాపాడుకున్నది కత్తితో కాదు, వ్రతంతో. నోము పట్టినాను, గడువు తీరేదాకా నన్ను తాకరాదని ఒక్క మాట అన్నది. లోకాన్ని గడగడలాడించే మాంత్రికుడు ఆ నోము గడువుకు కట్టుబడి కూర్చున్నాడు! నవ్వవలసిన చోటు ఇది. మంత్రం తెలిసినవానిని పంచాంగంతో కట్టివేసింది ఆమె. తరువాత వాని ప్రాణం ఎక్కడ ఉన్నదో మెల్లగా వాని నోటనే చెప్పించింది. ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్నదని వాడు చెప్పినాడు. చిలుకను తెచ్చినవాడు కొడుకు బాలవర్ధి; కీర్తి అతనిది. చిలుక జాడ తీసినది తల్లి. బుర్రకథ చెప్పేవారు ఆమె కన్నీళ్ళకు ఇచ్చినంత చోటు ఆమె తెలివికి ఇవ్వలేదనిపిస్తుంది.

1951లో విజయావారి 'పాతాళ భైరవి' వచ్చింది. దానికి మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలు మూలమని చెబుతారు. కె. వి. రెడ్డిగారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావుగారి మాటలు. ఇక్కడ నవ్వు చెరపట్టినవాని భాగానికి పూర్తిగా వెళ్ళిపోయింది. ఎస్. వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుడు భయపెట్టవలసినవాడు. అతని నోటి 'డింభకా' అన్న పిలుపును ఆంధ్రదేశపు పిల్లలందరూ ముద్దుగా ఎత్తుకున్నారు. పద్మనాభం ధరించిన శిష్యుడు సదాజపుడు మరొక వినోదం. మాంత్రికుని శక్తి గడ్డంలో ఉన్నది. రాకుమారి మనసు కరుగుతుందన్న ఆశతో ఆ గడ్డాన్నే తీయించుకున్నాడు పాపం. వాడలా నవ్వుల పాలవుతుంటే ఇందుమతి ఏమి చేసినది? కె. మాలతిగారు ఎంత చక్కగా నటించినా పాత్ర ఆమెకు ఇచ్చినది విరహమూ, తిరస్కారమూ మాత్రమే. మాంత్రికుని మేడలో ఆమెకు వేళకు నిద్ర పట్టిందా అని అడిగేవాడు లేడు.

1947 జూలైలో మొదలైన 'చందమామ' సంగతి పంతుళ్ళకు చెప్పనక్కరలేదు. దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలను, వానికి 'చిత్ర' వేసిన బొమ్మలను తలుచుకుంటే ఒక తరం పాఠకుల కళ్ళలో ఇప్పటికీ వెలుగు వస్తుంది. గుహలు, మాంత్రికులు, రాక్షసులు, వింత మృగాలు - ఆ లోకం నుండి జపాను రాక్షస కోటకు దూరం ఎంతో లేదు. ఆ పత్రిక ఇప్పుడు లేదు. ఆ చోటులోకే యీ కుడిఎడమల కథలు వచ్చి కూర్చున్నవి.

ఇక 1957 నాటి 'మాయాబజార్'. రాకుమారి, మంచం, నిద్ర, హాస్యం - నాలుగూ కలిసిన తెలుగు కథ ఇదే. ఘటోత్కచుడు ద్వారకకు వచ్చి, నిద్రిస్తున్న శశిరేఖను మంచంతో సహా ఎత్తి ఆకాశమార్గాన తల్లి హిడింబి ఉన్న చోటికి చేర్చినాడు. రాక్షసుడు రాకుమారిని అపహరించినాడు; కాని ఇక్కడ అపహరణమే రక్షణ. చెర తండ్రి ఇంటిలో ఉన్నది, ఇష్టంలేని పెండ్లి రూపంలో. ఇంతటి మలుపు ఇంత నవ్వుతూ తిప్పినవారు అరుదు. అటుపైన ఘటోత్కచుడు తానే శశిరేఖ రూపం దాల్చి పెండ్లిపీటలపై లక్ష్మణకుమారుని కాలు తొక్కుతుంటే, సావిత్రిగారు ఆడరూపంలో ఉన్న రాక్షసుని మీసాల మీది చేతిని కూడా మనకు చూపించినారు. రాకుమారి అల్లరి చేయడం తెలుగువారు చూచినారు, కడుపుబ్బ నవ్వినారు. అయితే ఆ అల్లరి చేసినది మాయ శశిరేఖ. నిజమైన శశిరేఖ అప్పటికి రంగంమీద లేదు. రాకుమారి దేహంలో రాక్షసుడు దూరితే తప్ప ఆమెకు అల్లరిచేసే హక్కు కలుగలేదు. జపాను రచయిత ఆ రెంటినీ ఒక్కరిగా చేసినాడు. సయాలిస్ తానే శశిరేఖ, తానే ఘటోత్కచుడు.

నిద్రకు మన సాహిత్యంలో ఇంతకంటె పాతవీ, పెద్దవీ అయిన లెక్కలు కలవు. అశోకవనంలో సీత ఆకలితో కృశిస్తుండగా ఇంద్రుడు నిద్రాదేవిని వెంటబెట్టుకుని లంకకు వచ్చినాడని, ఆమె కాపలా రాక్షసులను నిద్రపుచ్చగా సీతకు హవిస్సు అందించినాడని రామాయణంలో ఒక సర్గ చెబుతుంది. ప్రక్షిప్తమని పండితులు దానిని పక్కన పెట్టుతారు. ఆ సర్గలోనూ నిద్ర దొరికినది కావలివారికే. సీతకు ఆహారం మాత్రమే దొరికింది.

గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలో లెక్క మరొక తీరు. అడవిలో అన్నకు కాపుగా కూర్చున్న లక్ష్మణుని దగ్గరకు నిద్రాదేవి వస్తే, పదునాలుగేండ్లు నన్ను విడిచి ఊర్మిళ దగ్గరకు పొమ్మని అతడు వేడుకున్నాడు. భర్త మేలుకొన్న కాలమంతా భార్య పడుకున్నది. ఈ ఒక్క ముక్కను పట్టుకుని తెలుగు స్త్రీలు 'ఊర్మిళాదేవి నిద్ర' అనే పాట కట్టుకున్నారు. వనవాసం ముగిసి లక్ష్మణుడు వచ్చి మంచం మీద కూర్చుంటే, ఆమె మేలుకొని భర్తను గుర్తుపట్టలేదు. ఎవడో పరాయివాడు అంతఃపురంలో చొరబడినాడని మందలించింది. తండ్రి జనకునికి, బావకు తెలిస్తే నీ గతి ఏమవుతుందో తెలుసునా అని బెదిరించింది. పదునాలుగేండ్లు యుద్ధాలలో నలిగిన వీరుడు తన పడకగదిలో సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది! వంటింట్లో, దంపుళ్ళవద్ద యీ పాట పాడుకున్న అమ్మలక్కలకు తెల్లవారుజామునే లేచి అందరికన్న ఆలస్యంగా పడుకోవడమే బ్రతుకు. పదునాలుగేండ్లు ఎవరూ లేపకుండా నిద్రపోయిన ఊర్మిళ కథ వారికి ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వీరుని పేరు మరచిన సయాలిస్‌కు తెలుగులో అప్పచెల్లెలు ఎవరంటే, ఇందుమతి కాదు, ఈ ఊర్మిళే.

జపాను కథలో లోపాలు లేకపోలేదు. ప్రతి అధ్యాయానికీ ఒకే అచ్చు: నిద్ర చెడుతుంది, కారణం వెదుకుతుంది, ఒక వస్తువు తెస్తుంది, పడుకుంటుంది. వరుసగా పది చదివితే పాఠకునికే కునుకు వస్తుంది. కత్తిరింపబడిన దయ్యాల బాధను రాకుమారి గమనించదు; దొంగతనానికి సిగ్గుపడదు. ఆ కఠినత్వంలోనే హాస్యం ఉన్నదని సమర్థించవచ్చును గాని, బాలనాగమ్మ యుక్తిలోని ఆర్ద్రత ఇక్కడ వెదికినా దొరకదు. మరొక వింత - నిద్రకోసం ప్రాణమిచ్చే పిల్ల కథను చదవడానికి పిల్లలు నిద్ర మానుకుంటున్నారు.

కాని ఆ వసతిగృహంలోని కుర్రవాని చేతినుండి ఫోను లాగుకోబోయే పంతులుగారు, వాడు ఏ బొమ్మ దగ్గర ఆగి నవ్వుతున్నాడో ఒక్క నిమిషం చూడవలెను. ఆ నవ్వు వీరుని పోరాటం చూచి కాదు. తాళం వేసిన గది, చుట్టూ కాపలా, ఎప్పుడో వస్తుందనే విముక్తి. ఈలోగా మెడకింద పెట్టుకోవడానికి మెత్తని దిండు కావాలని పట్టుబట్టిన ఒక పిల్ల. అమెరికాలోని నిద్రవైద్యుల సంఘం కూడా 2016లోనే ఒక మాట ప్రకటించింది: పదమూడు మొదలు పద్దెనిమిది ఏండ్ల పిల్లలకు రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని. దిల్‌సుఖ్‌నగర్ సందులలో గోడకు అంటించిన దినచర్య పట్టికలను యీ అంకెతో పోల్చి చూచేందుకు లెక్కల పంతులు అక్కరలేదు. ఆ పట్టికలలో ఆరు గంటలు నిద్రకు వ్రాసినవాడు బద్ధకస్తుడని పేరు తెచ్చుకుంటాడు.

తెలుగు వాచకంలో ఊర్మిళ నిద్రను చెప్పేనాడు యీ జపాను రాకుమారిని కూడా తరగతిలోకి పిలిస్తే పిల్లలు చెవి ఒగ్గి వినగలరు. వారిలో కొందరు అప్పటికే ఆమెను పేరుపెట్టి ఎరుగుదురు. ఊర్మిళను ఎరుగరు. ఎల్బీ నగర్‌లో బస్సు దిగినప్పుడు చంకలో ఉన్న ఆ ఇంటి తలగడలో దూది యీపాటికి ఒక మూలకు చేరి గడ్డకట్టి ఉంటుంది. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అమ్మ దానిని విప్పి, ఏకి, మళ్ళీ కుట్టి పంపుతుంది.