తెగులు, తక్దీర్: కరోనా కాలంలో ముస్లిం పొరుగువారి విశ్వాసం

హైదరాబాదు–శ్రీశైలం రహదారిపై నల్లమల అంచున ఉన్న మన్ననూరు మొదలుకొని అచ్చంపేట, నాగర్‌కర్నూల్ వరకు పరిచర్య చేసే సంఘకాపరులకు ముస్లింలు పొరుగువారే. 2020లో కరోనా వచ్చినప్పుడు, "వాళ్లు అంతా తలరాత అనుకుంటారు, జాగ్రత్త పాటించరు" అనే మాట సంఘాలలోనూ వినబడింది. ఆ మాటను ఇస్లాం మూలాల వెలుగులో పరిశీలించడం మా ఉద్దేశం.

దేవుడు నిర్ణయించినది తప్ప మరేదీ తమకు సంభవించదని ముస్లింలు ఖురాన్ 9:51 ఆధారంగా నమ్ముతారు. ఇదే తక్దీర్. అయితే ఈ నమ్మకానికి తొలి తరంలోనే పరీక్ష ఎదురైంది. క్రీ.శ. 639 ప్రాంతంలో సిరియా, పాలస్తీనాలలో అమ్వాస్ తెగులు వ్యాపించింది. అటు బయలుదేరిన ఖలీఫా ఉమర్ సర్గ్ అనే చోట ఆ వార్త విని, సహచరులతో ఆలోచించి వెనుదిరిగాడు. ఇది దైవనిర్ణయం నుండి పారిపోవడం కాదా అని సేనాధిపతి అబూ ఉబైదా నిలదీశాడు. ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయంలోకే వెళుతున్నామని ఉమర్ జవాబు. ఒంటెలను పచ్చిక ఉన్న వైపు మేపినా, బీడు వైపు మేపినా రెండూ దేవుని నిర్ణయమే కదా అన్నాడు. తెగులున్న చోటికి వెళ్లవద్దు, ఉన్న చోటు విడువవద్దు అనే ప్రవక్త బోధ ఆ నిర్ణయాన్ని బలపరచింది. అబూ ఉబైదా తన సైన్యంతోనే ఉండి ఆ తెగులులో మరణించాడు. సున్నీ సంప్రదాయం ఈ ఇద్దరినీ గౌరవిస్తుంది. తక్దీర్ అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడమని అనుకొనేవారు ఈ సంగతి గమనించాలి.

హదీసుల ప్రకారం తెగులు పూర్వజనులకు శిక్ష, విశ్వాసులకు కరుణ; ఓర్పుతో నిలిచి దానివలన చనిపోయినవాడు షహీద్. పలువురు ఉలేమాలు కరోనా మృతులకూ ఈ నిరీక్షణను వర్తింపజేశారు. దీని బరువు ఎక్కడున్నదో చూడాలి. యుద్ధంలో చనిపోయిన షహీద్‌కు శవస్నానం ఉండదు గాని, తెగులు మృతునికి ఆ గుసుల్, జనాజా నమాజు మామూలుగా జరగాలి. 2020లో చాలా కుటుంబాలు స్నానం చేయించలేక, కడసారి ముఖం చూడలేక తమవారిని పాతిపెట్టాయి. వారికి షహాదత్ సిద్ధాంతం పుస్తకంలోని మాటగా కాక సమాధివద్ద ఊరటగా అందింది.

ఆ సంవత్సరం రంజాన్‌లో మసీదులు మూతపడగా తరావీహ్ నమాజు ఇళ్లలోనే చేసుకొన్నారు. అంతకు ముందు మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లీగీ జమాత్ సమావేశం జరిగింది. అక్కడికి వెళ్లివచ్చిన ఆరుగురు మరణించారని తెలంగాణ ప్రభుత్వం మార్చి 30న ప్రకటించింది. నిర్వాహకులను ముస్లింలే కొందరు విమర్శించారు. కాని నింద సమాజమంతటిపై పడింది. సమావేశానికి వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టులో కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్లున్నదని వ్యాఖ్యానించింది. అదే ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని ములూజ్‌లో ఒక సువార్తిక సంఘపు ప్రార్థనకూడికల ద్వారా వ్యాధి విస్తారంగా పాకింది. దానికి కారణం క్రైస్తవ సిద్ధాంతమంటే మనము ఒప్పుకొంటామా?

భేదాలు లేవని మేము చెప్పడం లేదు. సిలోయము గోపురం కూలి చనిపోయినవారిని గూర్చి ప్రభువు చెప్పిన మాట (లూకా 13) బాధితులను ఎక్కువ పాపులు, తక్కువ పాపులు అని తూచనివ్వదు. ఖురాన్‌లోని అయ్యూబు సహనానికి మాదిరి. మన బైబిలులోని యోబు సహించాడు, దేవునితో వాదించాడు కూడా. దుఃఖంలో ఉన్న ముస్లిం ఇంటికి వెళ్లే కాపరి తన యోబు వాదనను ముందు పెట్టక, వారి అయ్యూబు సబ్ర్‌తోనే సంభాషణ మొదలుపెట్టడం మంచిదని మా అభిప్రాయం.