మెరియానా నత్తచేప

మెరియానా నత్తచేప (శాస్త్రీయ నామము: సూడోలిపారిస్ స్వైరీ) పశ్చిమ పసిఫిక్ మహాసముద్రంలో గ్వామ్ దీవికి సమీపాన గల మెరియానా అగాధంలో నివసించే చిన్న చేప. ఇది లిపారిడే కుటుంబానికి చెందినది. ఆంగ్లంలో స్నెయిల్‌ఫిష్ అని పిలిచే ఈ కుటుంబంలో 400కు పైగా జాతులున్నాయి. వాటిలో కొన్ని తీరంలోని రాళ్ళ మధ్య నీటిగుంటలలో కూడా జీవిస్తాయి.

2014, 2017 సంవత్సరాలలో 6,898 నుండి 7,966 మీటర్ల లోతులలో ఎర బోనులతో పట్టిన 37 చేపలను పరిశీలించి, 2017లో దీనిని కొత్త జాతిగా వర్ణించారు. 1875లో ఈ అగాధాన్ని గుర్తించిన ఛాలెంజర్ నౌకలోని అధికారి హెర్బర్ట్ స్వైర్ పేరు దీనికి పెట్టారు.

శరీర నిర్మాణం

లోతు సముద్రపు చేప అనగానే గుర్తుకు వచ్చే పెద్ద కోరలు గాని, వెలుగునిచ్చే అవయవాలు గాని దీనికి లేవు. పొడవు 30 సెంటీమీటర్ల లోపే. దేహం లేత గులాబీ రంగులో, పొలుసులు లేకుండా మెత్తగా ఉంటుంది. పలుచని చర్మం గుండా కాలేయం కనిపిస్తుంది. ఇది నివసించే చోట పీడనం భూమిపై వాతావరణ పీడనానికి సుమారు 800 రెట్లు. అనేక చేపలు తేలడానికి తోడ్పడే గాలితిత్తి దీనికి లేదు కనుక, పీడనానికి అణగిపోయే ఖాళీ ఏదీ దేహంలో ఉండదు. ఎముకలను గట్టిపరిచే ఒక జన్యువు ఇందులో పనిచేయడం లేదని 2019లో వెల్లడైంది. పుర్రె కూడా పూర్తిగా మూసుకోదు.

ఆహారం

పై నీటిలో చనిపోయిన జీవుల అవశేషాలు అగాధపు ఏటవాలు గోడల వెంట జారి అడుగున చేరుతాయి. వాటిని తినే ఆంఫిపోడ్లు (రొయ్యల వంటి చిన్న జీవులు) అక్కడ విస్తారం. నత్తచేప వాటిని నీటితో సహా నోటిలోకి పీల్చుకొని, గొంతులోని రెండవ దవడలతో నలుపుతుంది. ఇతర చేపలు 7,000 మీటర్ల దిగువన అరుదు కనుక దీనికి పోటీ తక్కువ.

లోతుకు హద్దు

అగాధం సుమారు 11 కిలోమీటర్ల లోతున్నా ఈ చేప 8,200 మీటర్ల దిగువన కనబడలేదు. కారణం ఆహారం కొరత కాదు, దేహ రసాయనమని శాస్త్రవేత్తల అభిప్రాయం. అధిక పీడనం ప్రోటీన్ల ఆకృతిని చెడగొడుతుంది. ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం వాటిని నిలబెడుతుంది. (నిలవ ఉన్న సముద్రపు చేపల నీచువాసన ఈ పదార్థం విచ్ఛిన్నమవడం వల్ల వచ్చేదే.) లోతు పెరిగిన కొద్దీ కండరాలలో ఇది పెరగాలి. సాధారణంగా సముద్రపు చేపల దేహద్రవాల గాఢత సముద్రజలం కంటే తక్కువ. సుమారు 8,200 మీటర్ల వద్ద రెండూ సమానమవుతాయని 2014లో ఒక పరిశోధన అంచనా వేసింది. అంతకు మించితే బయటి నీరు దేహంలోకి చొరబడుతుంది.

1960లో ట్రియెస్ట్ జలాంతర్గామిలో అగాధపు అడుగుకు చేరిన జాక్ పికార్డ్ అక్కడ బల్లపరుపు చేపను చూశానని చెప్పాడు. దానిని శాస్త్రవేత్తలు అప్పుడే శంకించారు. పై లెక్క ప్రకారం అది దాదాపు అసాధ్యం. 2022లో జపాన్ సమీపంలోని ఇజు-ఒగసవరా అగాధంలో 8,336 మీటర్ల వద్ద ఇదే ప్రజాతికి చెందిన పిల్లచేప కెమెరాకు చిక్కింది. అక్కడి నీరు మెరియానా అగాధం కంటే కొద్దిగా వెచ్చన.