గోలకొండ దయ్యములు

పాడుపడిన ఇంట దయ్యము కాపురముండునని మన పెద్దలు చెప్పుదురు. ఇల్లే అట్లయినచో పాడుపడిన కోట సంగతి వేరుగ చెప్పవలెనా? హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మాదాపురము, రాయదుర్గము, గచ్చిబౌలి పరిసరములందు, 1998 లో సైబర్ టవర్స్ భవనము వెలసినది మొదలు అద్దాల మేడలు వరుసగా లేచినవి. హైటెక్ సిటీ యనబడు ఆ పేటలో రాత్రియు దీపములారవు. కంప్యూటర్ల ముందు రేయెల్ల పనిచేయు యువతీయువకులు అచ్చటికి దక్షిణమున కొద్ది కిలోమీటర్ల దూరమున నున్న గోలకొండ కోటను గూర్చి కథలు చెప్పుకొనుచుందురు. చీకటి పడిన పిమ్మట కోటలో తారామతి గజ్జెల చప్పుడు వినవచ్చునట. మనుష్యులు లేనిచోట మాటలు వినబడునట!

ఈ కథలు విని కొందరు నవ్వుదురు, కొందరు నమ్ముదురు. మేము నవ్వుటకుగాని నమ్ముటకుగాని తొందరపడక, ఆ చప్పుళ్లెట్టివో, ఆ భయమెక్కడ పుట్టినదో విచారింపదలచితిమి.

మొదట చప్పుడు సంగతి. రేడియోవారమగుటచే ధ్వనితో మాకు నిత్యము పని కలదు. బాలాహిస్సారు ద్వారము నందలి గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు కొట్టినచో, ఆ చప్పుడు సుమారు ఒక కిలోమీటరు దూరమున, కొండకొమ్మున నున్న మండపములో వినబడునని ప్రసిద్ధి. శత్రువు రాకను పైవారికి తెలుపుటకు గావించిన యేర్పాటిదని చెప్పుదురు. పుటాకారమైన గుమ్మటము చెదరిపోవలసిన ధ్వనిని కూడగట్టి మరలించును; గట్టిరాతి గోడలు దానిని మ్రింగక తిరుగగొట్టును. రాత్రివేళ నేల త్వరగా చల్లబడును. నేలనంటిన గాలి చల్లగను, దానిపై గాలి వెచ్చగను ఉండుటచే, పైకి పోవలసిన ధ్వని వంగి మరల నేలకే దిగును. కావున పగలు వినబడని దూరపు మాట రాత్రి మన చెంతనే పలికినట్లుండును. చీకటి గదులలోని గబ్బిలముల రెక్కల చప్పుడు దీనికి తోడగును.

చప్పుడు గుట్టు తెలిసినను భయము తీరలేదు. ఏలయన ఆ కోటలో జరిగిన ఘోరములు కల్పితములు కావు. రాజ్యమును స్థాపించిన సుల్తాన్ కులీ కుతుబ్‌షా 1543 లో ముదిమిలో, ప్రార్థన చేయుచుండగా హతుడయ్యెను. చంపించినవాడు కన్నకొడుకు జంషీదు. అతడు అన్న కన్నులు పొడిపించెను. తమ్ముడు ఇబ్రహీము ప్రాణములరచేత బట్టుకొని విజయనగరమునకు పోయి ఏడేండ్లు తలదాచుకొనెను. కోట చెంతనున్న సమాధుల తోటలో తండ్రియు, ఆ తండ్రిని చంపించిన కొడుకును నేడు ఇరుగుపొరుగుల వలె నిదురించుచున్నారు.

రాజ్యభారమును వహించిన తెలుగు మంత్రులు అక్కన్న మాదన్నలను 1686 లో గోలకొండ వీథిలోనే నరికి చంపిరి. మాదన్న శిరస్సును మొగలు శిబిరమునకు పంపిరి. అంతటితో ఔరంగజేబు శాంతింపలేదు. మరుసటి యేట, 1687 లో, అతడు స్వయముగ వచ్చి కోటను ముట్టడించెను. ముట్టడి ఎనిమిది నెలలు సాగెను. గోడల క్రింద మొగలులు పెట్టిన మందుపాతరలు ఎదురుతిరిగి వారి సైనికులనే బలిగొనెను. క్షామము, అంటురోగము హైదరాబాదు నగరమును పీనుగుల పెంటగావించెను. తుదకు కోటను గెలిచినది ఫిరంగి కాదు, లంచము. అబ్దుల్లా ఖాన్ అను సేనాని ధనమునకు లోబడి రాత్రివేళ దిడ్డివాకిలి తెరచెను. అబ్దుల్ రజాక్ లారీ యను వీరుడొక్కడు ఒడలెల్ల గాయములై కూలువరకు పోరాడెను. అతని స్వామిభక్తికి మెచ్చి శత్రువైన ఔరంగజేబే వైద్యులను పంపి బ్రతికించెను.

ఇంత చరిత్ర యుండగా, కోటలో తిరుగాడునని చెప్పబడు దయ్యమెవరిది? తారామతిది! ఆమె అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు నర్తకి యని ప్రతీతి. ఆమె పేరిటను, ప్రేమామతి పేరిటను రాజుల సమాధుల తోటలోనే సమాధులు కలవు. అంత గౌరవమందిన యామెకు రాత్రులు తిరుగవలసిన పనియేమి? ఆ తోటలో చోటు దొరకనివాడు చివరి సుల్తాను తానాషా. అతడు దౌలతాబాదు చెరలో మరణించి దూరదేశమున పాతిపెట్టబడెను. ఆకలిచే చచ్చిన నగరవాసులకు సమాధి మాట అటుండగా, పేరైనను మిగులలేదు.

లండను కోటలోను ఒక రాణి దయ్యము తిరుగునందురు. ఆమె ఆన్ బొలీన్. 1536 లో ఆమె తల తీయించినది ఆమె భర్తయైన రాజే. అచ్చట దయ్యపుకథ చెప్పువారు ఆమె పేరును, ఆమె పడిన అన్యాయమును కూడ చెప్పుదురు. మనము గజ్జెల చప్పుడు చెప్పుకొని, వీథిలో పడిన మంత్రులను మరచితిమి.

గోలకొండలో రామదాసు చెరసాలయని చూపు చీకటి గది యొకటి కలదు. అక్కన్న మాదన్నల మేనల్లుడైన కంచెర్ల గోపన్న అచ్చట బాధలు పడెనని తెలుగువారి నమ్మకము. బాధపడినచోటే దయ్యము పుట్టునన్నచో ఆ గదిలో మొదట పుట్టవలెను. కాని అచ్చటికి పోయినవారు భయపడరు, చేతులు జోడింతురు. బాధపడినవాడెవరో వారికి తెలియును. కథ తెలిసినచోట భయము భక్తిగనో జాలిగనో మారును. తెలియనిచోటనే దయ్యమై కూర్చుండును.

హైటెక్ సిటీ వాసులు నేడు తీగల వంతెన మీద దాటుచున్న దుర్గము చెరువే ఒకప్పుడు గోలకొండవారికి త్రాగునీరిచ్చిన చెరువు. కాబట్టి ఆ కోట వారికి పరాయిది కాదు. ఈమారు పోయినపుడు వారు ఫతే దర్వాజా యొద్ద క్షణమాగవలెను. ఆ పేరునకు విజయద్వారమని అర్థము. ఆ విజయము కోటలోనివారిది కాదు, దిడ్డివాకిలి తెరపించినవారిది. ఆ సంగతి తెలిసి లోనికి పోవువారికి గజ్జెలు వినబడకపోవచ్చును. మాదన్న పేరును, రజాక్ పేరును తప్పక జ్ఞప్తికి వచ్చును.