పాట ఏ దారిన వస్తోంది?

విజయనగరంలో సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యుడు. ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. ఆ ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని రామతీర్థంలో ఈవేళ నాయుడుగారి వయొలిన్ వినాలంటే గ్రామఫోను వెతకనక్కర్లేదు, జేబులో ఫోనుంటే చాలు. కానీ ఆ ఫోను నుంచి స్పీకరు దాకా దారులు మరీ ఎక్కువైపోయాయి. బ్లూటూత్, వైఫై, ఆక్స్ వైరు, పెన్‌డ్రైవ్, యూఎస్‌బీ డ్యాక్. ఎక్కువ ధర పెడితే ఎక్కువ సంగీతం వస్తుందనుకుని డబ్బు పోసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చూసుకోవాల్సినవి రెండే. దారిలో ఎన్ని బిట్లు పోతున్నాయి? మిగిలినవి ఎక్కడ, ఎలాంటి చిప్పులో, మళ్లీ విద్యుత్ తరంగంగా మారుతున్నాయి?

సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. ఎడమ, కుడి కలిపితే సెకనుకు 14 లక్షల 11 వేల బిట్లు. ప్రతి బ్లూటూత్ స్పీకరుకూ తప్పనిసరిగా తెలిసిన ఎస్‌బీసీ పద్ధతి దీన్ని సుమారు 3 లక్షల 28 వేలకు కుదిస్తుంది, అదీ సిగ్నల్ బాగున్నప్పుడు. మంద్రం నుంచి తారం దాకా శబ్దాన్ని పట్టీలుగా విడదీసి, బలమైన పట్టీకి ఎక్కువ బిట్లు, సన్నని పట్టీకి తక్కువ పంచుతుంది. వీణ మీటు, తాళాల గలగల లాంటి చోట్ల ఆ పిసినారితనం బయటపడుతుంది. ఎల్‌డాక్ అనే పద్ధతి 9 లక్షల 90 వేల దాకా వెళ్తుంది, కాకపోతే ఫోనుకూ స్పీకరుకూ రెండింటికీ అది తెలిసి ఉండాలి.

పాత రికార్డులకు మాత్రం ఇక్కడ ఒక మేలుంది. నాయుడుగారి 78 ఆర్‌పీఎం రికార్డులు మోనో. పక్కకు మూడు నిమిషాల పైచిలుకు సంగీతం, ఎడమా కుడీ ఒకటే. ఎస్‌బీసీకి రెండు వైపుల మొత్తాన్నీ తేడానూ వేరు చేసి పంపే వీలుంది. తేడా సున్నా అయినప్పుడు బిట్లన్నీ ఆ ఒక్క శబ్దానికే దక్కుతాయి. కాబట్టి పాత వయొలిన్ కోసం బ్లూటూత్‌ను చిన్నచూపు చూడక్కర్లేదు. అసలు చేటు చేసేది ఫైలు. ఎవరో 64 వేల బిట్లకు నొక్కేసిన ఎంపీ3 చేతులు మారి మనదాకా వచ్చిందంటే, అందులో పోయిన కమాను ఒరిపిడిని ఏ దారీ తిరిగి తేలేదు. పైగా ఎంపీ3ని బ్లూటూత్ మీద పంపితే విప్పి మళ్లీ కుదించాలి, అంటే రెండు కోతలు. దొరికితే ఫ్లాక్ ఫైలు దాచుకోండి. అది చోటు తగ్గిస్తుంది తప్ప ఒక్క బిట్టూ పారేయదు.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఆంప్లిఫయర్ పెట్టెను ఒకసారి దగ్గరగా చూడండి. ముందు పలక మీద నీలం అంకెలు, పక్కనే యూఎస్‌బీ రంధ్రం, ఎఫ్‌ఎం, బ్లూటూత్ మీట. వాటి వెనక సాధారణంగా ఉండేది అగ్గిపెట్టెంత బోర్డు, దానిమీద ఒకే చిప్పు. పెన్‌డ్రైవ్ చదివేదీ అదే, బ్లూటూత్ అందుకునేదీ అదే, అంకెల్ని శబ్దంగా మార్చేదీ అదే. అందుకే బ్లూటూత్ బదులు పెన్‌డ్రైవ్ పెట్టినా వినికిడిలో గొప్ప మార్పు ఉండదు. వెనకనున్న ఆక్స్ రంధ్రం చాలావరకు ఆ చిప్పును తప్పించి నేరుగా ఆంప్లిఫయర్‌లోకి వెళ్తుంది.

యూఎస్‌బీ డ్యాక్ పని వేరు. కంప్యూటరో ఫోనో అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు ఇస్తుంది, మార్చే పని డ్యాక్‌ది. మంచి డ్యాక్‌లలో సమయం కొలిచే గడియారం డ్యాక్‌లోనే ఉంటుంది. కంప్యూటరు తనకు తోచిన వేగంతో తోయకుండా, డ్యాక్ అడిగినప్పుడే బిట్లు పంపుతుంది. ఫోనుకు తగిలించే వేలెడంత టైప్-సీ ఆక్స్ వైర్లలోనూ చాలావాటిలో ఒక డ్యాక్ దాగి ఉంటుంది. లేనివీ అమ్ముతున్నారు, అవి కొన్ని ఫోన్లలోనే పలుకుతాయి. కొనేముందు మీ ఫోనుకు పెట్టి చూడండి.

ఇక లాప్‌టాప్‌కు ఆక్స్ వైరు తగిలించగానే స్పీకరు గుయ్‌మంటోందా? దాని ఛార్జరు పీకండి. మోత ఆగిందంటే వైరు తప్పు కాదు. ఛార్జరూ ఆంప్లిఫయరూ రెండు వేర్వేరు ప్లగ్గుల ద్వారా భూమికి కలిసి, ఆక్స్ వైరు వాటి మధ్య వలయం పూర్తిచేసింది. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ అందులోంచి పాటలోకి దూరింది. రెండింటినీ ఒకే స్విచ్చుబోర్డుకు పెడితే చాలావరకు తగ్గుతుంది. ఎర్తు పిన్ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విరగ్గొట్టకండి. అది ప్రాణాలు కాపాడే పిన్ను. టీవీకీ ఆంప్లిఫయర్‌కూ ఆప్టికల్ రంధ్రాలుంటే ఆ దారిలో వెళ్లేది వెలుతురే కాబట్టి ఈ మోతకు తావే లేదు.

వైఫై స్పీకరుకు సీడీ బిట్లన్నీ మోసే సత్తా ఉంది. చాలావాటిలో ఫోను రిమోటు మాత్రమే, పాటను స్పీకరే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. కరెంటు పోతే రౌటరూ పోతుంది, అంతే.

సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో ఆలస్యం సంగతి కూడా చూడాలి. బ్లూటూత్ శబ్దాన్ని సెకనులో ఐదోవంతు దాకా వెనకేస్తుంది. సరళీ స్వరాలు మూడో కాలంలో క్రియకు నాలుగు. క్రియకు సెకను చొప్పున వేసుకున్నా ఒక్కో స్వరానికి పావు సెకనే. అంటే దాదాపు ఒక స్వరమంత ఆలస్యం. శ్రుతిపెట్టె యాప్ పెట్టుకుని పాడటానికి ఇది అడ్డు కాదు, శ్రుతి ఒకేలా మోగుతుంటుంది. రికార్డుతో కలిసి వాయించినా ఇబ్బంది లేదు, చెవికి వచ్చినదానితోనే కలుస్తాం. కానీ పిల్ల కీబోర్డు నొక్కితే వచ్చే స్వరమో, మైకులో పాడిన తన గొంతో బ్లూటూత్ పెట్టెలోంచి వినబడితే చేయి తడబడుతుంది, తాళం తప్పుతుంది. ఆ పనికి వైరే వేయండి.