మాసూమా బేగం: పాతబస్తీ నుంచి శాసనసభకు

4.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- హైదరాబాదు రాజ్యంలో స్త్రీలకు ఓటుహక్కు ఎప్పుడు, ఎలా లభించిందో తెలుపగలుగుతారు.
- మాసూమా బేగం రాజకీయ జీవితంలోని ప్రధాన ఘట్టాలను వివరించగలుగుతారు.
- 1962 నాటి పత్తర్‌గట్టి ఎన్నిక ప్రాముఖ్యాన్ని చర్చించగలుగుతారు.

4.1 పరిచయం

అమెరికాలో స్త్రీలందరికీ ఓటు రాకముందే, 1916లో మోంటానా రాష్ట్రం నుంచి జెన్నెట్ ర్యాంకిన్ ఆ దేశపు కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1921లో కొద్దిమంది ఆస్తిపరులైన స్త్రీలకు ఓటు లభించింది. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి అక్కడి శాసనమండలిలో నామినేటెడ్ సభ్యురాలయ్యారు. నిజాం పాలనలోని హైదరాబాదు పరిస్థితి వేరు. ఇక్కడ 1893లోనే శాసనమండలి ఏర్పడినా, అది సామాన్య ప్రజలు ఎన్నుకున్న సభ కాదు. స్త్రీ పురుష భేదం లేకుండా వయోజనులందరూ ఓటు వేసిన తొలి సందర్భం 1952 నాటి సార్వత్రిక ఎన్నికలే. ఆ ఎన్నికల్లో పాతబస్తీలోని శాలిబండ నియోజకవర్గం నుంచి గెలిచిన కాంగ్రెస్ అభ్యర్థి మాసూమా బేగం.

4.2 కుటుంబం, సంఘసేవ

మాసూమా బేగం ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో హైదరాబాదులో జన్మించారు. మాతామహుడు ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ నిజాం ప్రభుత్వంలో ఉన్నతాధికారి. 1907లో లండన్‌లోని ఇండియా కౌన్సిల్‌లో సభ్యత్వం పొందిన తొలి భారతీయులిద్దరిలో ఆయన ఒకరు. తల్లి తయ్యబా బేగం పట్టభద్రులైన తొలితరం ముస్లిం మహిళలలో ఒకరు. తమ్ముడు అలీ యావర్ జంగ్ తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడిగా, రాయబారిగా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారు.

మాసూమా బేగం మహబూబియా బాలికల పాఠశాలలో చదివారు. పర్దా పాటించే కుటుంబాల బాలికలు కూడా ఆధునిక విద్య పొందడానికి వీలు కల్పించిన పాఠశాల అది. యౌవనంలోనే ఆమె తన తల్లి స్థాపించిన అంజుమన్-ఎ-ఖవాతీన్ అనే మహిళా సంఘం కార్యక్రమాలలో పాల్గొన్నారు. 1927లో పూనాలో ప్రారంభమైన అఖిల భారత మహిళా సభతో కలిసి పనిచేసి, 1960ల తొలినాళ్లలో ఆ సంస్థకు అధ్యక్షత వహించారు. అంటే ఎన్నికలలో నిలిచేనాటికే ఆమెకు ప్రజాసేవలో సుదీర్ఘమైన అనుభవం ఉంది.

4.3 శాసనసభ్యురాలు, మంత్రి

మొదటి ఎన్నికల నాటి ఒక చిక్కును ఇక్కడ గమనించాలి. ఓటర్ల జాబితా తయారీ సమయంలో దేశంలో లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ‘ఫలానా వారి భార్య’, ‘ఫలానా వారి కూతురు’ అని మాత్రమే నమోదు చేయించుకున్నారు. అటువంటి సుమారు 28 లక్షల పేర్లను ఎన్నికల సంఘం జాబితాల నుంచి తొలగించింది. ఇందులో ఎక్కువ భాగం ఉత్తరాది రాష్ట్రాలదే. స్త్రీ తన పేరు చెప్పడానికే సంకోచించిన కాలంలో ఒక ముస్లిం మహిళ సొంత పేరుతో ఓటు అడిగి గెలిచారు. ఆమె విజయాన్ని ఈ నేపథ్యంలో చూడాలి.

175 మంది సభ్యులున్న ఆనాటి హైదరాబాదు శాసనసభలో కాంగ్రెస్ 93 స్థానాలు పొందింది. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, బాన్సువాడ నుంచి సంగం లక్ష్మీబాయి ఎన్నికైనది కూడా ఈ సభకే.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆంధ్ర ప్రాంత సభ్యులు 1955లోనే ఎన్నికైనందువల్ల 1957లో తెలంగాణలో మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఈసారి ఆమె పత్తర్‌గట్టి నుంచి గెలిచారు. 1960లో దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమ శాఖ మంత్రి అయ్యారు. రాష్ట్రంలో మంత్రి పదవి పొందిన తొలి ముస్లిం మహిళ ఆమె.

4.4 1962 నాటి ఓటమి

1962లో మంత్రిగా ఉంటూ అదే పత్తర్‌గట్టిలో పోటీచేసిన మాసూమా బేగం, సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ చేతిలో ఓడిపోయారు. ఈ ఫలితాన్ని ఆమె వ్యక్తిగత వైఫల్యంగా మాత్రమే చూడరాదు. 1948 పోలీసు చర్య తరువాత నిజాం సైన్యం రద్దయింది. 1949లో జాగీర్దారీ వ్యవస్థ రద్దయింది. పాలనలో ఉర్దూ స్థానం తగ్గింది. వీటివల్ల పాతబస్తీలో అనేక కుటుంబాలు ఉపాధిని కోల్పోయాయి. 1950ల చివర పునరుద్ధరణ జరిగిన మజ్లిస్ ఈ ఆవేదనకు రాజకీయ రూపం ఇచ్చింది. ఉన్నత కుటుంబాల సంఘసేవ, అధికార పార్టీ ప్రాతినిధ్యం ఒకవైపు. సొంత గొంతు కావాలన్న వీధివీధి కోరిక మరొకవైపు నిలిచాయి. ఓటరు రెండవదానిని ఎంచుకున్నాడు.

అయితే ఈ మార్పుకు మరో పార్శ్వం ఉంది. సమాజానికి ప్రాతినిధ్యం బలపడినప్పుడు ఆ సమాజంలోని స్త్రీకి కూడా ప్రాతినిధ్యం దానంతట అదే పెరుగుతుందా? పాతబస్తీ అనుభవం పెరగదనే చెబుతుంది. మాసూమా బేగం తరువాత దశాబ్దాలపాటు ఆ ప్రాంత రాజకీయాలను నడిపినవారు పురుషులే.

1974లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. 1990లో ఆమె మరణించారు.

4.5 సారాంశం

మాసూమా బేగం సంఘసేవ నుంచి శాసనసభకు, అక్కడి నుంచి మంత్రివర్గానికి ఎదిగారు. ఆమె గెలుపు వయోజన ఓటుహక్కు తెరిచిన అవకాశాన్ని చూపుతుంది. ఆమె ఓటమి ప్రాతినిధ్యమంటే ఏమిటన్న ప్రశ్నను మన ముందుంచుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1957లో తెలంగాణలో మాత్రమే శాసనసభ ఎన్నికలు ఎందుకు జరిగాయి?
2. 1962 పత్తర్‌గట్టి ఫలితానికి దారితీసిన సామాజిక కారణాలను వివరించండి.
3. మీ నియోజకవర్గం నుంచి ఇంతవరకు ఎంతమంది స్త్రీలు శాసనసభకు ఎన్నికయ్యారో తెలుసుకొని, కారణాలను చర్చించండి.